గుండె డాక్టరా, ఊరి డాక్టరా?

మావయ్య: మీ అమ్మ ఫోన్ చేసింది. ఎండీ జనరల్ మెడిసిన్ చేసి అవనిగడ్డ వచ్చేస్తానన్నావట. ఈసీజీ కాగితం కనిపిస్తే తిండి మానేసి చూసేదానివి, కార్డియాలజీ వద్దంటావేమిటమ్మాయ్? దివిసీమలో ముప్పై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నవాణ్ణి. నా దారి నాకు తెలుసు, అది ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుసు. నువ్వు డీఎం కార్డియాలజీ చెయ్యి.

మేనకోడలు: గుండె మీద ఇష్టం ఉంది కాబట్టే వస్తానంటున్నాను మావయ్యా. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 పల్లెలు తీసుకుని, 2003-04లో ఏడాదిపాటు ఎవరు పోయినా ఇంటికెళ్లి కారణం అడిగి రాసుకున్నారు. మొత్తం 1354 మరణాలు. నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారు. అంటురోగాలతో పోయినవాళ్లు నూటికి 12 మందే. ఆ పల్లెలకీ మన పల్లెలకీ తేడా ఏముంది? అవే వరిచేలు, అవే చెరువులు, అవే ఊరగాయలు, ఎండుచేపలు. ఆ 32 మందిలో చాలామందికి పదేళ్ల ముందే బీపీ ఉండి ఉంటుంది. కొలిచినవాళ్లు లేరు. అక్కడ కావలసింది రోజూ కనిపించే డాక్టరు.

మావయ్య: లెక్క నిజమే. కానీ ఆ 32 మందీ చివరికి ఒక రాత్రి నా గుమ్మంలోకి వస్తారు. ఎదురుమొండి దీవిలో పదింటికి నొప్పి మొదలవుతుంది. గ్యాస్ పట్టేసిందనుకుని సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు. ఆర్‌ఎంపీ వచ్చి ఎసిడిటీ ఇంజెక్షన్ చేస్తాడు. చెమటలు పోస్తే అప్పుడు భయపడి ఏటి దగ్గరికి తీసుకొస్తారు. పంటు దొరకాలి, ఏటిమొగ ఒడ్డుకి చేరాలి, నాగాయలంక మీదుగా అవనిగడ్డ రావాలి. నేను ఈసీజీ తీసేసరికి మూడు గంటలు దాటుతుంది. ఆస్పిరిన్ నమిలిస్తాను, క్లోపిడోగ్రెల్ మింగిస్తాను, 108కి చెబుతాను. మూసుకుపోయిన రక్తనాళం ఎక్కడుందో ఈసీజీలో నాకు కనిపిస్తూనే ఉంటుంది, తెరవడం మాత్రం నా చేతిలో లేదు. ఇన్నేళ్లయినా ఆ మాట రోగి భార్యకి చెప్పడం నాకు అలవాటు కాలేదు.

మేనకోడలు: ఇప్పుడు పరిస్థితి మారింది కదా. గడ్డని కరిగించే టెనెక్టెప్లేస్ వచ్చింది. బరువును బట్టి డోసు చూసుకుని నరంలోకి ఒక్క ఇంజెక్షన్, పది సెకన్ల పని. 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం గుండెపోటు రోగుల కోసం పెట్టిన స్టెమీ కార్యక్రమం కింద చిన్న ప్రభుత్వాసుపత్రుల్లో కూడా దాన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. బయట కొనాలంటే వేలల్లో ఖర్చు. ఈసీజీ ఇక్కడి నుంచి పెద్దాసుపత్రిలో కార్డియాలజిస్టుకి వెళుతుంది, ఆయన చూసి ఇమ్మంటే ఇక్కడే ఇస్తారు. గడ్డని కరిగించేది అవనిగడ్డలో ఉన్న చెయ్యే. 2013లో వచ్చిన స్ట్రీమ్ అధ్యయనం చూడండి. నొప్పి మొదలైన మూడు గంటల్లో వచ్చి, గంటలోపు స్టెంట్ వేయించుకునే వీలు లేని రోగుల్లో, ముందు ఈ ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత యాంజియోగ్రామ్ చేసినా, నేరుగా స్టెంట్ వేసినా నెలరోజుల ఫలితం దాదాపు సమానంగా వచ్చింది.

మావయ్య: ఆ అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది, అది వదిలేశావు. ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో నూటికి 36 మందికి అది సరిపోక అత్యవసరంగా క్యాత్ ల్యాబ్‌కి తీసుకెళ్లాల్సి వచ్చింది. అంటే ముగ్గురిలో ఒకరికి పైనే. గంటాగంటన్నరకి మళ్లీ ఈసీజీ తీస్తావు, పైకి లేచిన ఎస్‌టీ గీత సగమైనా దిగదు, నొప్పీ తగ్గదు. అప్పుడేం చేస్తావు? నూటికి ఒకరికి మెదడులో రక్తస్రావమవుతుంది. అప్పుడు? గుండెలో కరెంటు దారి తెగిపోయి నాడి ముప్పైకి పడిపోతే టెంపరరీ పేస్‌మేకర్ ఎవరు వేస్తారు? అప్పుడు వాణ్ణి కరకట్ట మీద విజయవాడ పరిగెత్తించాలి. ఆ దారిలో అంబులెన్సులో కూర్చున్న మనిషి గురించి చెబుతున్నాను నేను. నువ్వు గెలిచే ఇద్దరి గురించి చెబుతున్నావు.

మేనకోడలు: ఒప్పుకుంటాను. ఆ మూడో మనిషికి నా దగ్గర జవాబు లేదు. కానీ నేను డీఎం చేస్తే వాడికి జవాబు దొరుకుతుందా? క్యాత్ ల్యాబ్ అంటే ఒక్క డాక్టరు కాదు కదా. కోట్ల రూపాయల యంత్రం, రాత్రీపగలూ టెక్నీషియన్లు, నర్సులు, వెనక ఐసీయూ, ఏదైనా చీలితే ఆదుకునే సర్జను, ఆగని కరెంటు కావాలి. పైగా రోజూ కేసులు చేస్తుంటేనే చెయ్యి నిలబడుతుంది. నెలకి నాలుగు కేసులు వచ్చే ఊళ్లో ఏ కార్డియాలజిస్టు ఉంటాడు? ఉన్నా ఉండకూడదు, రోగికే ప్రమాదం. అంటే నేను డీఎం చేసిన రోజే దివిసీమని వదిలేసినట్టు లెక్క. విజయవాడలో ఏ వీధిలో చూసినా కార్డియాలజిస్టు బోర్డు ఉంది. వాటిలో ఇంకొకటి పెరుగుతుంది, అవనిగడ్డలో ఒక ఎండీ తగ్గుతుంది.

మావయ్య: అవనిగడ్డలో పెట్టమని ఎవరన్నారు? బందరులో పెట్టు. అక్కడ మీ కాలేజీ 2023 సెప్టెంబరులో తెరిచారు, మీదే మొదటి బ్యాచ్. మెడికల్ కాలేజీ వచ్చిన ఊళ్లో ఇవాళ కాకపోతే రేపు సూపర్ స్పెషాలిటీ విభాగాలు రావాలి. యంత్రం డబ్బుతో వస్తుంది. అక్కడ ఉండి పనిచేసే మనుషులు రావడమే కష్టం. బయటివాళ్లు పోస్టింగు వచ్చిన మర్నాటి నుంచే బదిలీ కోసం తిరుగుతారు. ఈ నేల మీద పుట్టినవాళ్లు ఆ చదువు చదివితేనే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో 2016లో గుండె మార్పిడి జరిగింది. ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే గారు ప్రభుత్వాసుపత్రిలోకి వచ్చి చేస్తానన్నారు కాబట్టి జరిగింది. అంతకుముందు మన దగ్గర అది కార్పొరేట్ ఆసుపత్రి పని అని అందరూ అనుకున్నారు. మన దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన పి. వేణుగోపాల్ గారు ఎవరు? రాజమండ్రిలో పుట్టినవారు. భూపతిరాజు సోమరాజు గారు అబ్దుల్ కలాం గారితో కలిసి తక్కువ ధరలో మనదైన స్టెంట్ తయారు చేయించారు. వీళ్లంతా ఊళ్లో బీపీ చూసుకుంటే చాలు అనుకుని ఉంటే ఏమయ్యేది?

మేనకోడలు: వాళ్లని నేను తక్కువ చేయడం లేదు. కానీ చల్లపల్లి మీకు దగ్గరే. అక్కడ డాక్టర్ డీఆర్‌కే ప్రసాద్ గారూ పద్మావతి గారూ 2014 నుంచి తెల్లవారుజామునే చీపుర్లు పట్టుకుని రోడ్డెక్కుతున్నారు, ఊరివాళ్లు వాళ్లతో కలిశారు. రోడ్డు పక్క చెట్లు పెరిగాయి, మురుగు తగ్గింది. అది ఏ స్పెషాలిటీలోకి వస్తుంది? ఊళ్లో అలా రోజూ కనబడే డాక్టరు చెబితేనే నలభై ఏళ్ల రైతు ఉప్పు తగ్గిస్తాడు, బీడీ మానేస్తాడు, బీపీ మాత్ర ఆపకుండా వేసుకుంటాడు. పై బీపీ పది పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతు తగ్గుతాయని పెద్ద అధ్యయనాలన్నీ కలిపి చూసి తేల్చారు. స్టెంట్ వేసేది ఆ సంఖ్యలో మిగిలినవాళ్లకే.

మావయ్య: మాత్ర ఆపకుండా వేసుకుంటాడా? ఇక్కడే నీకూ నాకూ తేడా వస్తోంది. నువ్వు పుస్తకంలోది చెబుతున్నావు, నేను నా ఓపీలోది చెబుతున్నాను. తల తిరగడం తగ్గితే మాత్ర ఆపేస్తారు. కోతలప్పుడు ఆపేస్తారు. రొయ్యల చెరువులో నష్టం వస్తే ఆపేస్తారు. పశ్చిమ గోదావరిలోనే ఇంకో అధ్యయనం చేశారు, 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో 54 పల్లెలు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. ఎవరికి గుండె ప్రమాదం ఎక్కువో అదే లెక్కగట్టి చెబుతుంది, డాక్టరు దగ్గరికి పంపిస్తుంది. అంత చేసినా చివర్లో బీపీ అదుపులో ఉన్నవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందుగా పట్టుకుంటే చాలు అన్నమాట అంత తేలిగ్గా నమ్మకు.

మేనకోడలు: ఆ పేపరు నేనూ చదివాను. కానీ అందులో పడిపోయిన మెట్టు ఏది? ఆశా పని చేసింది, ప్రమాదం ఉన్నవాళ్లని గుర్తుపట్టింది, డాక్టరు దగ్గరికి పంపింది. అక్కడి నుంచి మందు రాసి, మార్చి, మళ్లీ పిలిచి చూసే డాక్టరు దగ్గర అది ఆగిపోయింది. డాక్టరు కుర్చీలు ఖాళీగా ఉండే చోట ఇంకేం జరుగుతుంది? ఆ కుర్చీలో కూర్చుంటాననే నేనంటున్నాను. మీ మాటే మీకు తిప్పి చెబుతున్నాను. బయటివాళ్లు ఉండరు, ఇక్కడివాళ్లే కావాలి.

మావయ్య: సరే, ఈ దెబ్బ నాకు తగిలింది.

మేనకోడలు: ఇంకోటి కూడా చెప్పనివ్వండి. ఎనిమిదేళ్ల పిల్లకి గొంతునొప్పి వస్తుంది, జ్వరం వస్తుంది, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. రెండు మూడు వారాలకి కీళ్లు వాస్తాయి, ఒక కీలు తగ్గి ఇంకో కీలు. ఇంట్లోవాళ్లు వాతం అంటారు, నూనె రాస్తారు. అది స్ట్రెప్టోకాకస్ మీద శరీరం చేసే యుద్ధం. ఆ యుద్ధంలో మైట్రల్ వాల్వు కాలిపోతుంది. అప్పుడు గుర్తుపట్టి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి ఆపకుండా ఇస్తే వాల్వు నిలుస్తుంది. లేకపోతే ఇరవై రెండేళ్లకి మొదటి కాన్పులో ఏడో నెలలో ఆయాసంతో పడుకోలేక రాత్రంతా కూర్చుంటుంది. గర్భిణికి ఆయాసం మామూలే అంటారు. ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపు గుండె కొసన పెట్టి విన్నవాడికే ఆ గొణుగుడు వినిపిస్తుంది. అది విన్నవాడే ఆ పిల్లకి గుండె డాక్టరు. అతను సూపర్ స్పెషలిస్టు కానక్కర్లేదు.

మావయ్య: విన్నాక? సన్నబడిన వాల్వుని ఎవరు తెరుస్తారు? తొడ నరంలోంచి బెలూన్ పంపి ఎడమ కర్ణిక దాకా చేర్చి వాల్వుని విప్పాలి. గర్భంతో ఉన్న మనిషికి, ఎక్స్‌రే బిడ్డకి తగలకుండా పొట్ట కప్పి, నిమిషాల్లో చెయ్యాలి. ఆ చెయ్యి కోసం ఎంతమంది తల్లుల్ని పంపించానో నాకు తెలుసు. వాల్వు మార్చాల్సివస్తే, తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో వాలియాథన్ గారి బృందం సొంతంగా వాల్వు తయారు చేసి 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చింది. విదేశీ వాల్వు ధరలో చిన్న భాగానికే అది వచ్చింది. పేదవాడికి అందింది. గుండె వైద్యం చదవడమంటే స్టెంట్లు వేయడమే అనుకోకు. ఎన్ని దారులున్నాయో చూశావా? ఎండీ తర్వాత డీఎం కార్డియాలజీ మూడేళ్లు. అందులో గుండె కరెంటు పని, ఎకో, ఫెయిల్యూర్ వేరే వేరే చదువులు. సర్జరీ వైపు వెళితే ఎంఎస్ తర్వాత ఎంసీహెచ్, లేదా ఎంబీబీఎస్ నుంచే నేరుగా ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ. మత్తు ఇచ్చే దారిలో గుండె ఆపరేషన్లకే ప్రత్యేకమైన అనస్థీషియా. పిల్లల గుండె వేరే లోకం.

మేనకోడలు: పిల్లల గుండె మీద నాకూ మనసుంది, దాచను. వెయ్యి మంది పుడితే ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో లోపం ఉంటుంది. మేనరికాలు చేసుకునే మన దగ్గర ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. 2021 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో పద్మావతి హృదయాలయం తెరిచింది. పసిపిల్లలకి అక్కడ ఆపరేషన్లు జరుగుతున్నాయి. కానీ కోడూరులో పుట్టిన బిడ్డ తిరుపతి దాకా వెళ్లాలంటే ముందు ఆ బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయని, పాలు తాగుతూ చెమట పడుతోందని చూసినవాళ్లు ఎవరో ఉండాలి. అక్కడికే తిరిగి వస్తున్నాను.

మావయ్య: నువ్వు ప్రతిదాన్నీ గుమ్మం దగ్గరికి తీసుకొస్తున్నావు. నేను ప్రతిదాన్నీ ఆపరేషన్ బల్ల దగ్గరికి తీసుకెళుతున్నాను. ఇంకో విషయం అడుగుతాను, సూటిగా చెప్పు. చదువు పొడుగు చూసి భయపడుతున్నావా? ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడు, డీఎం మూడు. నీట్ రెండుసార్లు మళ్లీ రాయాలి, ప్రతిసారీ ఒక ఏడాది పోవచ్చు. ముప్పై దాటుతుంది. మీ అమ్మ పెళ్లి మాట ఎత్తే ఉంటుంది.

మేనకోడలు: ఎత్తింది. అందుకోసం కాదు. చదువు పొడుగు నాకు బెంగ కాదు, దాని ఖరీదు బెంగ. గవర్నమెంటు సీటు రాకపోతే ప్రైవేటులో లక్షలు పోసి చదివిన డాక్టరు ఆ డబ్బు రాబట్టుకోవాలి. అది రోగి నుంచే రావాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటు ధర 29,600కి కట్టేయకముందు రోగుల దగ్గర ఎంత వసూలు చేసేవాళ్లో మీకు తెలుసు. నా అప్పు నా తీర్పులోకి రాకూడదు. అరవై శాతం బ్లాకుని ఎనభై అని చెప్పే అవసరం నాకు ఎప్పుడూ రాకూడదు.

మావయ్య: ఆ భయం ఉన్నవాళ్లే ఆ కుర్చీలో కూర్చోవాలి. నువ్వు పక్కకి తప్పుకుంటే అక్కడ మిగిలేది ఎవరు? డబ్బు కోసం వచ్చినవాళ్లే. నేను ఇన్నేళ్లుగా విజయవాడ పంపే రోగికి ఒకే మాట చెబుతున్నాను, ఆ డాక్టరు మంచివాడు, అవసరం లేనిదే చెయ్యడు అని. అలా నమ్మి చెప్పగల పేర్లు నాకు కొన్నే ఉన్నాయి. అందులో నీ పేరు ఉండాలని అడుగుతున్నాను. ఇంట్లో మనిషివని అనడం లేదు. దివిసీమలో ఉన్న ప్రతి ఎండీకీ, ప్రతి ఆర్‌ఎంపీకీ ఫోన్ చేస్తే ఎత్తే కార్డియాలజిస్టు ఒకరు కావాలి. ఈసీజీ చూసి పంటు ఎన్నింటికి అని అడిగే మనిషి. ఎదురుమొండి ఎక్కడుందో తెలియని డాక్టరు త్వరగా పంపించండి అంటాడు, అంతే.

మేనకోడలు: ... ఇది నేను ఆలోచించలేదు మావయ్యా. నేను అటువైపు ఉన్నా ఈ ఊరికి పనికొస్తానని ఒప్పుకుంటాను. ఆ ఫోను ఎత్తడమే నా పని అయితే, మరి ఇక్కడి నుంచి ఫోను చేసేదెవరు? మీ తర్వాత మీ గది ఎవరు తెరుస్తారు?

మావయ్య: దానికి నా దగ్గర జవాబు లేదు.

మేనకోడలు: నా స్నేహితురాలు ఒకతి నీట్‌లో సీటు రాక ఏడ్చి, తర్వాత గుండె టెక్నాలజీలో బీఎస్సీ చేరింది. ఎకో తీయడం నేర్చుకుంది. ఇంకొకతి పర్‌ఫ్యూజన్ చదువుతోంది. గుండె ఆపి చేసే ఆపరేషన్లలో యంత్రంతో రక్తం తిప్పేది వాళ్లే, సర్జను చెయ్యి ఎంత గొప్పదైనా ఆ యంత్రం దగ్గర కూర్చున్న మనిషి లేకపోతే కత్తి పెట్టలేడు. గుడివాడ, బందరు ఇంటర్మీడియట్ కాలేజీల్లో బైపీసీ పిల్లలకి ఎంబీబీఎస్ ఒక్కటే వైద్యమని చెబుతారు. అవనిగడ్డలో ఒక ఎకో యంత్రం, దాన్ని నడిపే అమ్మాయి ఉంటే మీ పని సగం మారుతుంది. ఆయాసం వచ్చిన మనిషి గుండె ఎంత పంపు చేస్తోందో ఇక్కడే తెలుస్తుంది. డాక్టర్ల గురించే ఇంతసేపు మాట్లాడుకున్నాం.

మావయ్య: అది నిజం. ఎకో తీయగల మనిషి దొరికితే రేపే యంత్రం కొంటాను. కానీ నీ విషయం అక్కడ తేలదు. ఒక మాట చెప్పనా? 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ మొట్టమొదటిసారి బెలూన్‌తో గుండె రక్తనాళాన్ని తెరిచాడు. రెండు నెలలు తిరిగేసరికి నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. ఆ బెలూన్ ప్రపంచమంతా తిరిగింది, ఇక్కడ ఏటి అవతలి మనిషికి ఇప్పటికీ సమయానికి అందడం లేదు. అందించడానికి ఇటు నుంచి ఒకరూ అటు నుంచి ఒకరూ కావాలి. నేను నిన్ను అటు పంపిస్తానంటున్నాను.

మేనకోడలు: నేను ఇటు ఉంటానంటున్నాను. ఇప్పటికైతే నా నిర్ణయం మారలేదు, కానీ నిన్నటంత గట్టిగా లేదు.

మావయ్య: రెండు దారులూ ఒకే ఎండీ జనరల్ మెడిసిన్ మీదుగానే వెళతాయి. ఆ మూడేళ్లలో నీ ఎదుట ఎంతమంది ఆయాసంతో వస్తారో, ఎంతమందికి నీ చేతితో చేయగలిగింది సరిపోతుందో, ఎంతమందికి సరిపోదో రాసుకో. ఆ తర్వాత నీట్ ఎస్‌ఎస్ రాయాలో వద్దో ఆ పుస్తకం చూసి తేల్చుకో. నా మాట వద్దు, మీ అమ్మ మాటా వద్దు.

మేనకోడలు: రాస్తాను. మా మొదటి బ్యాచ్ 150 మందిమి హౌస్ సర్జన్సీ పూర్తిచేసి 2029లో బందరు నుంచి బయటికి వస్తాం. ఈలోగా ఒక పని నా చేతిలో ఉంది. మా హాస్టల్లో బందరు, గుడివాడ, దివిసీమ పిల్లలం చాలామందిమి ఉన్నాం. ఈ సెలవుల్లో ఎవరి ఊళ్లో వాళ్లం ఆర్‌ఎంపీలని కూర్చోబెట్టి చెబుతాం. నలభై దాటినవాళ్లకి ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లచెమట వస్తే గ్యాస్ ఇంజెక్షన్ చెయ్యొద్దు, ఆస్పిరిన్ నమిలించి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, షుగరు ఉన్నవాళ్లకి నొప్పి లేకుండా ఆయాసమే రావచ్చు, దాన్నీ వదలొద్దు అని. మీరు కూడా నాగాయలంక రండి మావయ్యా, వాళ్లు నా మాట కంటే మీ మాట వింటారు.